రెండు గంటలు ఎటు పోయాయి?

ప్రశ్న: మా అబ్బాయి శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఫ్రీమాంట్‌లో ఉంటాడు. ఢిల్లీ నుంచి ఎక్కడా ఆగని విమానానికి మాకు టికెట్లు తీశాడు. దూరం 12,400 కిలోమీటర్లని ఫోన్‌లో చూశాను. వేగం గంటకు 900 అంటున్నారు. భాగిస్తే పద్నాలుగు గంటల్లోపే వస్తోంది. టికెట్‌లో చూస్తే పదహారు. ఎందుకు? భూమి తిరుగుతుంది కాబట్టి పడమటి వైపు పోతే ఊరే మనకు ఎదురొస్తుందని మావారి వాదన. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ భాగహారం సరైనదే. కాకపోతే ఆ 12,400 గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి పట్టి కొలిచిన దూరం. భూగోళం పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, ఆ దారం పిల్లల చేత ఎన్నిసార్లు పట్టించానో! అది టిబెట్ దాటి, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ దాకా ఎక్కి, అలాస్కా వైపు దిగుతుంది.

విమానం అలా పోదు. టిబెట్ పీఠభూమి మీద క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ పది వేల అడుగులకు దిగాలి. కింద కొండలే అంతకంటే ఎత్తు! అందుకని చుట్టు తిరుగుతారు. పడమటి వైపు తిరగాలంటే 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక అదీ కష్టమైంది. పైగా టికెట్ టైము గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్క.

అసలు సంగతి గాలిది. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి జోరుగా వీస్తుంది, చలికాలంలో మరీను. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఇదే విమానాన్ని పడమటి వైపు అట్లాంటిక్ దారి మాన్పించి, తూర్పు వైపు పసిఫిక్ మీదుగా నడిపింది. దారి సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. అయినా పద్నాలుగున్నర గంటల్లో దిగింది, పాత దారికంటే దాదాపు రెండు గంటలు ముందు! గాలి వెనక నుంచి తోసింది మరి. అందుకే నన్నడిగితే, విమానానికి కిలోమీటర్లు చూసుకుని లాభం లేదు, గంటలే చూసుకోవాలి.

ఇక మీవారి వాదన. భూమితోపాటు దాని చుట్టూ ఉన్న గాలీ తిరుగుతుంది, ఆ గాలిలోనే విమానం ఉంటుంది. ఆయన అన్నట్టే అయితే హెలికాప్టర్‌లో తెనాలి మీద గంటసేపు ఊరికే నిలబడితే కింద అరేబియా సముద్రం కనిపించాలి. ఈ మాట ఆయనతో మీరే చెప్పండి, నా పేరు వద్దు.

మీ అబ్బాయికి ఏ రోజని చెప్పాలో టెన్షన్ పడకండి. శీతాకాలంలో అక్కడి గడియారం మనకంటే పదమూడున్నర గంటలు వెనక. ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరితే, పదహారు గంటల తర్వాత ఇక్కడ రాత్రి 8, అక్కడ అదే రోజు ఉదయం ఆరున్నర. వేసవిలో అయితే ఏడున్నర. ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి మరో గంటో గంటన్నరో పడుతుంది. అబ్బాయిని ఆ లెక్కన రమ్మనండి, ముందే వచ్చి పార్కింగ్‌కు డబ్బులు పోసుకోవడం ఎందుకు?