ఫోన్ కాంట్రాక్టు తర్వాత, ముందు ఖాతాలో ఎంతుందో చూసుకోండి

ప్రశ్న: మాది నరసరావుపేట. ఎంఎస్సీ చదవడానికి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కు వచ్చి ఐదు నెలలైంది. వయసు 23. వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ చేస్తే నెలకు 850 పౌండ్ల వరకు వస్తాయి. గది అద్దె, తిండి, బస్సు కలిపి 670 పోతాయి. సిమ్, చిల్లర ఖర్చులు పోను 150 మిగులుతాయి. ఖాతాలో 620 పౌండ్లు ఉన్నాయి. ఇండియా నుంచి తెచ్చుకున్న ఫోన్ మొరాయిస్తోంది. నెలకు 46 పౌండ్ల చొప్పున 36 నెలల కాంట్రాక్టు మీద కొత్త ఫోన్ కోసం రెండు కంపెనీలకు అప్లై చేశాను. క్రెడిట్ హిస్టరీ (అప్పులు, బిల్లులు కట్టిన రికార్డు) లేదని రెండూ కాదన్నాయి. మా ఇంట్లో ఉండే సీనియర్ అన్న తన పేరు మీద తీసిస్తానంటున్నాడు. ఆన్‌లైన్‌లో చిన్న లోన్ తీసుకుని ఫోన్ కొనేస్తే, ఆ లోన్ కడుతూ స్కోరు కూడా పెంచుకోవచ్చని ఇంకో ఫ్రెండ్ చెప్పాడు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. ఆ రెండు కంపెనీలూ కాదని మీకు మేలే చేశాయి.

సెప్టెంబర్ బ్యాచ్ విమానం ఎక్కిన నాలుగైదు నెలలకు ఇలాంటి ఉత్తరాలు నాకు వరసగా వస్తాయి. ఊరు మారుతుంది, ఫోన్ మోడల్ మారుతుంది, ప్రశ్న మాత్రం ఒకటే: ‘నాకు అప్పు ఎందుకు ఇవ్వడం లేదు?’ మీ ప్రశ్న వెనకా అదే ఉంది. ఖాతాలో 620 పౌండ్లు ఉన్న మనిషి మూడేళ్ల వాయిదాకు సంతకం పెట్టొచ్చా అని మాత్రం అడగలేదు. మీ ఉత్తరానికి ఇక్కడ జవాబు రాస్తున్నది అందుకే.

‘850 వరకు’ అని రాశారు. ఆ ‘వరకు’ దగ్గరే నేను ఆగిపోయాను. వేర్‌హౌస్ షిఫ్టులు క్రిస్మస్ ముందు ఒకలా ఉంటాయి, జనవరిలో ఇంకోలా ఉంటాయి. మీ జనవరి జీతం స్లిప్పు ఒకసారి తీసి చూడండి. ఇన్ని గంటలు పని ఇస్తామని రాసివ్వని ఉద్యోగం అయితే, వచ్చే నెల 850 రావచ్చు, 400 కూడా రావచ్చు. అద్దె మాత్రం ప్రతి నెలా ఒకటే.

ఇప్పుడు ఆ 46 పౌండ్ల సంగతి. 36 నెలలకు 1,656 పౌండ్లు. పౌండుకు 115 రూపాయలే అనుకున్నా లక్షా 90 వేలు. అందులో సిమ్ ఖర్చు కూడా కలిసే ఉంది, నిజమే. అయినా ‘లక్షా 90 వేలు అవుతుంది నాన్నా’ అని ఇంటికి ఫోన్ చేసి చెప్పగలరా? నెలకు 46 అంటే చిన్నగా వినిపిస్తుంది కాబట్టి అడగాల్సిన అవసరం కనిపించలేదు.

ఇంకొకటి. ఏడాది ఎంఎస్సీకి ఇచ్చే స్టూడెంట్ వీసా కోర్సు అయ్యాక మరో నాలుగు నెలలు ఉంటుంది. అంటే మీకు మిగిలింది సుమారు 11 నెలలు. కాంట్రాక్టు 36 నెలలు. మిగతా 25 నెలలు మీరు ఏ దేశంలో ఉంటారో మీకే తెలియదు. చదువయ్యాక ఉండి పనిచేసుకోవడానికిచ్చే గ్రాడ్యుయేట్ వీసా వస్తుందిలే అంటారా? దానికి ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌ఛార్జ్ మొత్తం కాలానికి ముందే కట్టాలి, దరఖాస్తు ఫీజు అదనం. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవారికి ఆ వీసా రెండేళ్లు కాకుండా 18 నెలలే ఇస్తారు. ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలో మీ లెక్కలో ఎక్కడా కనిపించలేదు.

నేను ఎప్పుడూ పాడే పాట ఒకటుంది, విసుగొచ్చినా వినండి. అత్యవసర నిధి. ఇండియాలో ఉన్న కుర్రాడికి చెప్పేదానికంటే మీకు పదిరెట్లు గట్టిగా చెబుతాను, ఎందుకంటే మీ వీసాకు ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ అనే షరతు ఉంది. ఉద్యోగం పోతే అక్కడివాళ్లకు ప్రభుత్వం నుంచి యూనివర్సల్ క్రెడిట్ లాంటి సాయం వస్తుంది. మీకు రాదు. అమ్మానాన్నలు పక్క వీధిలో లేరు. మీ ఖాతాలో ఉన్నదే మీకు దిక్కు.

డబ్బు అయిపోయినప్పుడు ఏం జరుగుతుందో చాలా ఇళ్లలో చూశాను. ముందు స్టూడెంట్ వీసాకు టర్మ్ రోజుల్లో ఉండే వారానికి 20 గంటల పని పరిమితి దాటి ఎవరో చేతికిచ్చే నగదుకు పనిచేస్తారు. తర్వాత వేరేవాళ్ల డెలివరీ యాప్ ఖాతా అద్దెకు తీసుకుని ఫుడ్ డెలివరీకి వెళ్తారు. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు, డెలివరీ పని దాని కిందికే వస్తుంది. పట్టుబడితే చదువూ వీసా రెండూ పోతాయి. ఈ పిల్లలెవరూ చెడ్డవాళ్లు కాదు. ఒక్క నెల అద్దెకు సరిపడా డబ్బు లేక ఆ గీత దాటినవాళ్లు. వేసవిలో ఫుల్‌టైమ్ చేసి సర్దుకుంటానని లెక్కలు వేసుకునేవాళ్లూ ఉన్నారు. ఎంఎస్సీవాళ్లకు డిసర్టేషన్ రాసే వేసవి కూడా మామూలుగా టర్మ్ కిందే లెక్క, 20 గంటలే. మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి నిర్ధారించుకోండి.

నిధిలో కనీసం మూడు నెలల ఖర్చు ఉండాలి. అద్దె, తిండి, బస్సుకు మీ ఖర్చు నెలకు 670. మూడు నెలలకు 2,010. చేతిలో 620 ఉంది కాబట్టి ఇంకా 1,390 కావాలి. నెలకు 150 చొప్పున పక్కన పెడితే తొమ్మిది నెలలు దాటుతుంది. ఇప్పుడు సిమ్‌కు సుమారు 10 కడుతున్నారనుకుందాం. కాంట్రాక్టు తీసుకుంటే అదనంగా 36 పోయి, మిగిలేది 114. అదే 1,390కి పన్నెండు నెలలు పైనే పడుతుంది. అంటే వీసా గడువు దాటిపోయాక గానీ మీ నిధి నిండదు. షిఫ్టులు ఒక్క నెల కూడా తగ్గకుండా ఉంటేనే ఈ లెక్క. నేను కాంట్రాక్టు వద్దంటున్నది ఈ మూడు నెలల తేడా చూసే.

ఈ డబ్బు ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల సేవింగ్స్ ఖాతాలో ఉండాలి, రోజూ వాడే కార్డుకు తగలకుండా. ఇండియాలో నాన్నగారి దగ్గర ఉందిలే అనుకోవద్దు. అది రూపాయల్లో ఉంది, మీ చేతికి వచ్చేసరికి రెండు మూడు రోజులు పడుతుంది, ఇంటి ఓనరు శుక్రవారం అద్దె అడుగుతాడు.

మీ సీనియర్ అన్న మంచివాడే అయ్యుంటాడు. కానీ ఆయన పేరు మీద కాంట్రాక్టు తీస్తే మీరు సక్రమంగా కట్టిన ప్రతి వాయిదా ఆయన రికార్డులోకే వెళ్తుంది, మీ హిస్టరీ అక్కడే సున్నా దగ్గర ఉంటుంది. మీరు ఒక నెల తప్పితే దెబ్బ తగిలేది ఆయనకు. అక్కడ డిఫాల్ట్, అంటే బాకీ కట్టలేదన్న ముద్ర, పడితే రికార్డులో ఆరేళ్లు ఉంటుంది. మా ఖాతాదారు ఒకరి అబ్బాయి ఇలాగే రూమ్మేట్‌కు ఫోన్ తీసిచ్చాడు. రూమ్మేట్ చదువు మధ్యలో వదిలేసి ఇండియా వచ్చేశాడు. ఈ అబ్బాయి కొన్నాళ్లు కట్టి, కోపంతో ఆపేశాడు. రెండేళ్లకు మంచి ఉద్యోగం వచ్చి కారు ఫైనాన్స్‌కు వెళ్తే ఆ ఫోన్ బాకీ ఎదురొచ్చింది. ఆ ఇద్దరి తండ్రులు ఇప్పటికీ మాట్లాడుకోరు.

ఆన్‌లైన్ లోన్ సలహా ఇచ్చిన ఫ్రెండ్‌ను మాత్రం దూరంగా పెట్టండి. హిస్టరీ లేనివాళ్లకు వెంటనే ఇచ్చేది చాలాసార్లు పేడే లోన్, అంటే జీతం వచ్చేదాకా ఇచ్చే చిన్న అప్పు. 2015 నుంచి అక్కడి నియంత్రణ సంస్థ పెట్టిన పరిమితి ప్రకారం కూడా రోజుకు 0.8 శాతం దాకా వసూలు చేయొచ్చు. 200 పౌండ్లు నెల రోజులకు తీసుకుంటే 48 పౌండ్లు. మన ఊళ్లో నూటికి ఐదు రూపాయల వడ్డీ అంటే అమ్మో అంటాం, ఇది నూటికి ఇరవై నాలుగు. స్కోరు పెంచుకోవడానికి ఇంత వడ్డీ కట్టమని చెప్పేవాడు స్నేహితుడెలా అవుతాడు?

ఇక మిమ్మల్ని ఎందుకు కాదన్నారంటే, ఇండియాలో మీ సిబిల్ స్కోరు ఎంతున్నా అక్కడ మామూలుగా ఎవరూ చూడరు. అక్కడ క్రెడిట్ రికార్డులు ఉంచే ఏజెన్సీలు ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, ట్రాన్స్‌యూనియన్ దగ్గర మీ పేరు మీద ఏమీ లేదు, అంతే. దీనికి డబ్బు ఖర్చు కాని మందు ఒకటుంది, మనవాళ్లలో చాలామందికి తెలియదు. భారతీయులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి, చెల్లే వీసాతో అక్కడ ఉంటున్న మీరు ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే, ఉచితం. ఓటు వేస్తారో లేదో మీ ఇష్టం. మీరు ఆ చిరునామాలో నిజంగా ఉంటున్నారని కంపెనీలు పోల్చుకునేది ఆ జాబితాతోనే. నమోదు చేసేటప్పుడు పేరు జాగ్రత్త. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, బ్యాంకులో ‘వెంకట సాయి’ ఒకచోట, జీతం స్లిప్పులో మరొకటి ఉంటే కంప్యూటర్ మిమ్మల్ని ముగ్గురు మనుషులు అనుకుంటుంది. మన తెలుగువాళ్ల పొడవాటి పేర్లతో ఈ తంటా మామూలే. అన్నిచోట్లా ఒకేలా ఉండేలా సరిచేయించండి.

ఇంకో కంపెనీకి అప్లై చేయడం ఆపండి. ప్రతి దరఖాస్తూ రికార్డులో ఏడాదిపాటు కనిపిస్తుంది, వరసగా నాలుగు ఉంటే ఐదోవాడు అనుమానంగా చూస్తాడు.

ఫోన్ అవసరమే, కాదనను. షిఫ్టు మెసేజ్‌లు దాంట్లోనే వస్తాయి. 150 నుంచి 200 పౌండ్లలో, వారంటీ ఇచ్చే షాపులో రిఫర్బిష్డ్ ఫోన్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మేది) కొనండి. కానీ ఆ 620 నుంచి తీయొద్దు. ఒకటిన్నర నెల మిగులుతో కొనొచ్చు, అంతవరకు ఉన్నదాన్ని లాగించండి. పోయినా, ఎవరైనా లాక్కెళ్లినా 36 నెలలు కడుతూ కూర్చోవక్కర్లేదు. దాంతోపాటు నెలనెలా డైరెక్ట్ డెబిట్‌తో (ఖాతా నుంచి దానంతటదే) బిల్లు కట్టే, ఫోన్ లేని సిమ్ ఓన్లీ ప్లాన్ తీసుకోండి. చాలా నెట్‌వర్కులు ఆ చెల్లింపులను క్రెడిట్ ఏజెన్సీలకు పంపుతాయి. మీరు కోరుకున్న హిస్టరీ పది పౌండ్లతోనే మొదలవుతుంది. రీచార్జి సిమ్‌తో ఆ ప్రయోజనం ఉండదు. హిస్టరీ లేనివాళ్లు స్కోరు పెంచుకోవడానికి ఇచ్చే క్రెడిట్ బిల్డర్ కార్డులు ఉన్నాయి, నిధి నిండాక ఆలోచించొచ్చు. ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ పథకాల జోలికి మాత్రం వెళ్లకండి.

మీ ఉత్తరంలో చదువుకు లోన్ తీసుకున్నారో లేదో రాయలేదు. తీసుకుని ఉంటే, మారటోరియం (వాయిదాలు కట్టక్కర్లేని గడువు) నడుస్తున్నా దాని వడ్డీ రోజూ పెరుగుతూనే ఉంటుంది, నాన్నగారు సహ దరఖాస్తుదారు అయితే ఆయన సిబిల్ కూడా దానికి ముడిపడి ఉంటుంది. వాయిదా ఏ నెల నుంచి, ఎంత మొదలవుతుందో ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడిగి, ఈ లెక్కలున్న కాగితం మీదే రాసుకోండి.