సొంత పడవ ఉన్నవాళ్లకి సంఘం ఎందుకు?

ప్రశ్న: మా నాన్న సీతానగరం దగ్గర కృష్ణలో సొంత పడవ మీద వేట చేస్తాడు. ఏ సంఘంలోనూ లేడు. "నా పడవ, నా వల, మధ్యలో ప్రెసిడెంట్ పెత్తనం ఏంటి" అంటాడు. 2024 వరదల్లో పడవ, వలలు పోతే ఎవరిని అడగాలో తెలియక అప్పు చేసి మళ్లీ కొన్నాం. సంఘంలో చేరితే నిజంగా ఉపయోగం ఉందా, పట్టిన చేపంతా వాళ్లకే ఇవ్వాలా? – ఒక పాఠకురాలు, తాడేపల్లి

జవాబు: అమ్మా, ముందు మీ నాన్నగారి భయం తీరుద్దాం. మత్స్యకార సహకార సంఘంలో చేరినంత మాత్రాన పడవ, వలలు సంఘానివి అయిపోవు. వాటా ధనం, సభ్యత్వ రుసుం కట్టి సభ్యుడవుతారు, ఎంత వాటా ఉన్నా మనిషికి ఒకటే ఓటు. సంఘం లీజుకు తీసుకున్న చెరువులో పట్టిన చేపకి ఉమ్మడి లెక్క ఉంటుంది. నదిలో ఆయన సొంతంగా పట్టుకున్నది అమ్ముకోవడం గురించి ఆ సంఘం నియమావళిలో ఏముందో చేరకముందే చదివించుకోండి, నోటిమాట నమ్మొద్దు.

ఇక ఉపయోగం సంగతి. ఆ వరదలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చాయి, పడవలు, వలలు పోయినవాళ్లకి ప్రభుత్వం సాయం ప్రకటించింది కూడా. కానీ సాయం అందాలంటే నష్టపోయినవాళ్ల లిస్టులో పేరుండాలి, ఒంటరిగా వేటకెళ్లే మనిషి ఆఫీసు గుమ్మం దగ్గర "నాకూ పడవ ఉండేదండీ" అంటే, పాపం ఏం చూపించి నమ్మిస్తాడు? సంఘం రికార్డులో పేరుంటే పక్కన నిలబడి సాక్ష్యం చెప్పేవాళ్లుంటారు. మీ ఇంట్లో అప్పు అక్కడే మొదలైందని నాకనిపిస్తోంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

పెద్ద విషయాల్లో ఈ బలం ఇంకా బాగా తెలుస్తుంది. 2021లో జీవో 217 పెద్ద చెరువులకి బహిరంగ వేలం దారి తెరిచినప్పుడు డబ్బున్న బయటివాళ్లు పాడుకుంటే మా గతేంటని మత్స్యకార సంఘాలు గట్టిగా ఎదిరించాయి, చివరికి 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. విడివిడిగా ఎంతమంది అర్జీలు పెట్టుకున్నా ఆ మాట అంత దూరం వెళ్లేది కాదు.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా కూడా ఉంది: మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 5 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి రెండున్నర లక్షలు, ఆస్పత్రి ఖర్చుకి 25 వేల దాకా. ప్రీమియం మత్స్యకారుడు కట్టక్కర్లేదు. రాత్రిపూట నీళ్లమీద ఉండే మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఆ బీమాలో నాన్నగారి పేరు చేరిందో లేదో ఏటా అడగండి. వేట నిషేధం రోజులకి ఇచ్చే 20 వేలు మాత్రం సముద్రంలో వేటకెళ్లేవాళ్లకి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు పడవలు ఆపేస్తారు కాబట్టి. అది మీకు రాదు, దాని కోసం ఎవరికీ డబ్బులివ్వకండి.

మీ నాన్నగారి అనుమానంలో నిజం లేకపోలేదు. కొన్ని సంఘాలు పేరుకే ఉంటాయి, ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు చెరువు లీజు దక్కించుకుని బయట వ్యాపారికి అప్పజెప్పేస్తారు, మిగతా సభ్యులకి లెక్క కూడా తెలియదు. అలాంటిచోట బయట ఉండి తిట్టుకుంటే మారేదేం లేదు. సర్వసభ్య సమావేశానికి వెళ్లి ఆడిట్ కాగితం చూపించమని అడిగే హక్కు సభ్యుడికే ఉంటుంది, అడుగుతారని తెలిస్తేనే వాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు.

ఆధార్, బ్యాంకు పుస్తకం, పడవ కాగితాలు ఏమున్నా పట్టుకుని మత్స్యశాఖ ఆఫీసుకి నాన్నగారితో మీరూ వెళ్లండి. మీ పరిధిలో ఏ సంఘం ఉందో అక్కడ చెప్తారు. సభ్యుడిగా చేర్చుకునే ముందు వల విసరడం, అల్లడం వచ్చా అని పరీక్షించినా ఆయనకి టెన్షన్ అక్కర్లేదు. అర్జీ ఇచ్చాక రశీదు మాత్రం అడిగి తీసుకోండి. అమ్మ చేపలు అమ్ముతుంటే మహిళా మత్స్యకార సంఘం గురించి కూడా అప్పుడే కనుక్కోండి.