టైల్ వెనక కోసిన వైరు: ఖర్చు ఎవరిది?

ప్రశ్న: మాది హనుమకొండ. ఇరవై ఏళ్ల ఇంట్లో వంటగది మార్పించాం. గట్టు, టైల్స్, నల్లా లైను కలిపి 3,80,000 రూపాయలకు గుత్తకు ఇచ్చాం. ఇంకా 40,000 ఇవ్వాల్సి ఉంది. పైపు కోసం కట్టర్‌తో గాడి కొడుతుంటే గోడలోని వైర్ల పైపు తెగింది. పనోళ్లు టేపు చుట్టి, సిమెంటు పూసి, మీద టైల్ వేసేశారు. వానలు మొదలైన కాడి నుంచి ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టి కరెంటు ఆపేసే స్విచ్చు) మాటిమాటికీ పడిపోతోంది, నల్లా ముట్టుకుంటే జిల్లుమంటోంది. అడిగితే గుత్తేదారు "మీ వైరింగే పాతది" అంటున్నాడు. బాకీ ఆపుకోవచ్చా? పోలీసులకు చెప్పాలా, కరెంటాఫీసుకా?

జవాబు: నల్లా జిల్లుమంటోందంటే లీకేజీ నీళ్ల లైను దాకా వచ్చిందన్నమాట. ఇవాళే బోర్డులో వంటగది ఎంసీబీ (ఆ లైను కరెంటు ఆపే ట్రిప్ స్విచ్చు) దించండి. అదొక్కటే చాలదు. ఇళ్లలో ఉండే సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును, అంటే కరెంటు వచ్చే వైరును మాత్రమే తెంపుతుంది. కట్టర్ న్యూట్రల్‌కు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరుకు తగిలి ఉంటే, వేరే గదిలో ఫ్రిజ్జో మోటారో నడిచినా ఆర్‌సీసీబీ పడుతూనే ఉంటుంది. ఆ సర్క్యూట్ న్యూట్రల్‌ను కూడా బోర్డులోని లింకు నుంచి ఎలక్ట్రీషియన్‌తో విప్పించి పక్కన పెట్టించండి. విసుగొచ్చి ఆర్‌సీసీబీని బైపాస్ చేయించేవాళ్లు చాలామంది. మీరు ఆ పని చేస్తే, రేపు ఎవరికైనా షాక్ కొడితే గుత్తేదారు వేలు మీ వైపే చూపిస్తాడు.

ఇక బాధ్యత. పని గుత్తకు తీసుకున్నవాడు తాను పంపిన పనోళ్ల తప్పుకు తానే జవాబుదారీ. "పాత వైరింగు" అనే వాదనలో పస తక్కువ. గోడలోని వైర్లు సాధారణంగా స్విచ్ బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకో కిందికో పోతాయి. ఆ దారిలో కట్టర్ పెట్టేముందు మెయిన్ ఆపి చూసుకోవడం పని తెలిసినవాడు చేయాల్సిందే. తెగడం పొరపాటే అనుకున్నా, టేపు చుట్టి టైల్ కింద దాచడం పొరపాటు కాదు. వైరు అతుకు ఎప్పుడైనా తెరిచి చూడగలిగే జంక్షన్ బాక్సులోనే ఉండాలి. సిమెంటు తడికి టేపు జిగురు వదిలేస్తుంది, వానాకాలం గోడ చెమ్మెక్కితే కరెంటు గోడలోకి పాకుతుంది. మీ ఇంట్లో అదే జరుగుతున్నట్టుంది. అయితే ఇది నా అనుమానమే. రుజువు ఆ టైల్ వెనక ఉంది.

చాలా కేసులు ఇక్కడే చెడిపోతాయి. షాక్ భయంతో ఎవరో ఒకరిని పిలిచి, గోడ పగలగొట్టించి, వైరు మార్పించి మూసేస్తారు. వినియోగదారుల కమిషన్ ముందుకెళ్లేసరికి చూపించడానికి ఏమీ మిగలదు. అలాగని కేసు తేలేదాకా షాక్ గోడతో కాపురం చేయమని ఏ చట్టమూ చెప్పదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కింద పరిహారం లెక్కించేటప్పుడు, నష్టం పెరగకుండా మీరేం చేశారన్నదీ చూస్తారు. అందుకని బాగు చేయించండి, కానీ సాక్ష్యం పట్టుకుని.

గుత్తేదారుకు వాట్సాప్‌లో, రిజిస్టర్డ్ పోస్టులో ఒకే మాట రాయండి: ఫలానా తేదీన, ఫలానా గంటకు టైల్ తీయిస్తున్నాం, వచ్చి చూసుకోండి, రాకపోతే మేమే బాగు చేయించి ఖర్చు మీ లెక్కలో రాస్తాం. రెండు మూడు రోజుల గడువు చాలు. ఎలక్ట్రీషియన్ లైసెన్సు ఉన్నవాడై ఉండాలి. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2023 భద్రతా నిబంధనల ప్రకారం వైరింగు మార్పులు, మరమ్మతులు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేయాల్సినవే. బల్బు, స్విచ్చు మార్చడం లాంటివాటికే మినహాయింపు.

టైల్ తీసేటప్పుడు ఆపకుండా ఒకే వీడియో తీయండి. కోత పక్కన కొలతల టేపు పెట్టి ఫొటో తీయండి, స్విచ్ బోర్డు కూడా అదే ఫ్రేములో పడాలి. బాగు చేయకముందు, చేశాక 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు)తో ఇన్సులేషన్ కొలిపించి రెండు రీడింగులూ బిల్లు మీదే రాయించండి. కోసిన పైపు ముక్క, టేపు చుట్టిన వైరు ముక్క పారేయొద్దు. కవర్లో పెట్టి, పైన తేదీ వేసి, ఎలక్ట్రీషియన్, పక్కింటివాళ్ల సంతకాలు తీసుకోండి.

బాగు చేయడమంటే మళ్లీ అతుకు వేయడం కాదు. పైపు పాడైన ముక్క కోసి కప్లర్లతో కొత్త ముక్క బిగించి, బోర్డు నుంచి జంక్షన్ బాక్సు దాకా అఖండంగా కొత్త వైరు లాగాలి. 16 ఆంపియర్ సాకెట్‌కు కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, వెంట ఎర్త్ వైరు. పనిలో పనిగా ఇల్లంతా వైరింగు మార్పిస్తే ఆ ఖర్చు మీదే. తెగిన లైను వరకే అడగండి, కలిపి అడిగితే నిజమైన లెక్క మీదా అనుమానం వస్తుంది.

బాకీలోంచి మరమ్మతు ఖర్చు మినహాయించుకుని, లెక్క రాసి, మిగతాది ఇచ్చేయండి. మొత్తం 40,000 బిగబడితే బాకీ కోసం అతనే దావా వేస్తాడు. ఖర్చు బాకీని మించితే, గుత్త పని 'సేవ' కిందికి వస్తుంది కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరుండే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. రోజు కూలికి మీరే పెట్టుకుని, మీరే దగ్గరుండి చేయించిన పనైతే మాత్రం అది వ్యక్తిగత సేవ, ఈ చట్టం కిందికి రాదు అని ఎదుటివాళ్లు వాదించే వీలుంది. అందుకే గుత్త మాట్లాడుకున్న కాగితమో, వాట్సాప్ మెసేజో, ఫోన్‌పే రసీదో వెతికి పెట్టుకోండి.

ఎవరికీ గాయం కానంత వరకు పోలీసులు దీన్ని సివిల్ గొడవే అంటారు. కరెంటు సరఫరా చేసే ఎన్‌పీడీసీఎల్ బాధ్యత మీటరు దాకానే. లైన్‌మన్‌ను పంచాయితీకి పిలిచి లాభం లేదు.

టైల్స్ ఖర్చు మరచిపోకండి. డబ్బా మీద బ్యాచ్ నంబరు ఫొటో తీసుకోండి. అదే షేడ్ దొరక్కపోతే ఒక్క టైలు కాదు, ఆ వరస మొత్తం మార్పించిన బిల్లు కూడా నష్టం కింద అడగొచ్చు.