వెల్లుల్లి ‘వెల’ అయిపోకుండా: పచ్చళ్ల సైటు రాస్తున్న మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌కు,

అత్తయ్య ఆశీస్సులు. పచ్చళ్ల దుకాణం సైటుకు ఏ జావాస్క్రిప్ట్ లైబ్రరీలు వేసుకోవాలని అడిగావు. నువ్వు పంపిన జాబితా చూశాను. తేదీలకు ఒకటి, రూపాయల కామాలకు ఒకటి, వెతుకుడు పెట్టెకు ఒకటి, కాపీకి ఇంకొకటి. వాటిలో చాలా పనులు ఇప్పుడు బ్రౌజర్ తనంతట తానే చేస్తుంది. ముందు అందులో ఏముందో చూసుకో, లేనిదానికే ప్యాకేజీ, అంటే వేరొకరు రాసిపెట్టిన కోడ్, తెచ్చుకో. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గోదాము నుంచి తీసేస్తే ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. ఆ 11 లైన్లు చేసే పనికి, అంటే మాటకు ఎడమవైపు ఖాళీలు నింపడానికి, ఈరోజు ప్యాడ్‌స్టార్ట్ అనే ఒక్క మెథడ్ చాలు, అది 2017 నుంచి భాషలోనే ఉంది. తేదీలకు నువ్వు రాసుకున్న మొమెంట్‌ను కూడా దాన్ని చేసినవాళ్లే 2020లో మెయింటెనెన్స్‌కు పరిమితం చేశారు, కొత్త ప్రాజెక్టుల్లో వద్దని వాళ్లే చెప్పారు.

నీ సైటు తెలుగులో ఉంటుంది కాబట్టి అక్షరాల లెక్కతో మొదలుపెడతాను. ఇంగ్లిషులో రాసిన పాఠాలు చాలావరకు దీన్ని పట్టించుకోవు.

బ్రౌజర్‌లోనే ఉండే డెవ్‌టూల్స్ అనే పనిముట్లలో కన్సోల్ తెరిచి ‘వెల్లుల్లి’ అని కొటేషన్లలో రాసి డాట్ లెంగ్త్ అడుగు. 10 అంటుంది. మన కంటికి వె, ల్లు, ల్లి అని మూడే కదా. జావాస్క్రిప్ట్ లెక్కపెట్టేది అక్షరాలను కాదు, యూటీఎఫ్-16 అనే నిల్వ పద్ధతిలోని ముక్కలను. వ, ఎత్వం, ల, పొల్లు, మళ్లీ ల, కొమ్ము, ల, పొల్లు, ల, గుడి: మొత్తం పది. అదే మాటను బైట్లుగా మార్చే టెక్స్ట్ ఎన్‌కోడర్‌కు ఇస్తే 30 బైట్లు వస్తాయి, యూటీఎఫ్-8 అనే ఇంకో పద్ధతిలో తెలుగు ముక్క ఒక్కొక్కటి 3 బైట్లు కాబట్టి. 3, 10, 30. మూడూ సరైన లెక్కలే, ఒక్కొక్కటి ఒక్కో చోట పనికొస్తుంది. డేటాబేస్ కాలమ్ పరిమితి బైట్లలో ఉంటే 30 చూడాలి. ఎస్సెమ్మెస్ పంపేటప్పుడు 10 చూడాలి. తెలుగు ఎస్సెమ్మెస్ ఒకదానిలో 70 ముక్కలే పడతాయి, ఇంగ్లిషులో లాగా 160 కాదు. అది దాటి రెండు మూడు భాగాలుగా వెళ్తే భాగానికి 67. మనిషికి చూపించేటప్పుడు మాత్రం 3.

ఇప్పుడు అదే మాటను స్లైస్‌తో సున్నా నుంచి మూడు వరకు కోసి చూడు. ‘వెల’ మిగులుతుంది. వెల్లుల్లి పచ్చడి పేరు కార్డులో పట్టలేదని కోస్తే, కొనేవాడికి ‘వెల…’ కనబడి పక్కన అంకె కోసం వెతుక్కుంటాడు. ఒక్కో అక్షరం ఎగిరి వచ్చేలా యానిమేషన్ పెడదామని ఖాళీ కొటేషన్‌తో స్ప్లిట్ చేస్తే ఇంకా ఘోరం: గుణింతపు గుర్తులు విడిపోయి చుక్కల వలయాల మీద వేలాడతాయి.

దీనికి మందు, మాటను కంటికి కనబడే అక్షరాలుగా విడగొట్టే ఇంటల్ డాట్ సెగ్మెంటర్. భాషగా ‘టిఈ’ ఇచ్చి, గ్రాన్యులారిటీ ‘గ్రాఫీమ్’ అని చెప్పి ఒక్కసారి తయారుచేసుకో. దాని సెగ్మెంట్ మెథడ్‌కు మాట ఇచ్చి, వచ్చినదాన్ని అర్రే డాట్ ఫ్రమ్‌తో జాబితాగా మార్చి, మొదటి ఇరవైని తీసి, ఒక్కొక్కదాని సెగ్మెంట్ ప్రాపర్టీని కలిపేస్తే చాలు. ఫైర్‌ఫాక్స్‌లో ఇది 2024లో, 125వ వెర్షన్‌తో వచ్చింది, మిగతా పెద్ద బ్రౌజర్లలో అంతకు ముందే ఉంది. ఒక సంగతి గుర్తుంచుకో. ఒత్తును పై అక్షరంతో కలిపి ఒక్కటిగా పట్టుకునే నియమం, అన్ని లిపుల అక్షరాలకూ అంకెలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో 2023లో, 15.1వ వెర్షన్‌లో చేరింది. అంతకు ముందు నియమాలతో నడిచే ఇంజన్‌లో వెల్లుల్లికి 3 బదులు 5 రావచ్చు: వె, ల్, లు, ల్, లి. అప్పుడు కూడా గుణింతం మాత్రం చెదరదు. అసలు కార్డులో పేరు పట్టకపోవడం ఒక్కటే సమస్య అయితే జావాస్క్రిప్ట్ జోలికి పోకు, సీఎస్సెస్‌లో ఇన్ని లైన్ల తర్వాత ఆపెయ్యమనే లైన్ క్లాంప్ పెట్టు. వాట్సాప్‌కు పంపే సందేశం లాంటి చోట్ల, అంటే కోసిన మాట బయటికి వెళ్లే చోట్ల, సెగ్మెంటర్ వాడు.

ఫారాల్లోనూ ఇదే తంటా. పేరు గడికి మ్యాక్స్‌లెంగ్త్ 20 అని పెట్టావు. వెంకటసుబ్రహ్మణ్యేశ్వరరావు గారు తన పేరు కొడుతూ కొడుతూ ‘శ్వ’ దగ్గర ఆగిపోతారు. పలికితే 11 అక్షరాలే, ముక్కలు మాత్రం 25. తెలుగు పేరుకు కనీసం 60 ఇవ్వు. ‘పేరులో అక్షరాలే ఉండాలి’ అని నువ్వు రాసిన రెజెక్స్ (మాట రూపాన్ని సరిచూసే సూత్రం) కూడా మార్చు. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూకు ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప మరేమీ తెలియదు. బ్యాక్‌స్లాష్ పి బ్రేసుల్లో ఎల్ అని రాస్తే హల్లులు, అచ్చులు దాటతాయి కానీ గుణింతపు గుర్తులు దాటవు, వాటిని యూనికోడ్ ‘మార్క్’ జాతిలో పెట్టింది. అందుకే ఎల్‌తో పాటు ఎమ్ కూడా చేర్చాలి, చివర యు ఫ్లాగ్ తప్పనిసరి. ఖాళీ, చుక్క కూడా ఒప్పుకో, మన ఇంటిపేర్లు పొడి అక్షరాల్లో వస్తాయి.

ఇక కంటికి కనబడనిది ఒకటుంది. ‘గిఫ్ట్‌బాక్స్’ అనే మాటను ఒకరు కొట్టినప్పుడు 12 ముక్కలుంటాయి, ఇంకొకరు కొట్టినప్పుడు 13. ఆ పదమూడోది ట పొల్లుకూ బకారానికీ మధ్య కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో 200సి. బ అక్షరం ట కింద ఒత్తుగా దిగకుండా ఆపేది అదే. దుకాణంలో పేరు దానితో నిల్వ ఉండి, కొనేవాళ్లు అది లేకుండా వెతికితే, ఒక మాటలో ఇంకోటి ఉందా అని చూసే ఇన్‌క్లూడ్స్ ‘లేదు’ అంటుంది. రెండు చివర్ల ఖాళీలు తీసే ట్రిమ్ దాన్ని తియ్యదు, నార్మలైజ్ కూడా తియ్యదు. నార్మలైజ్ పని వేరు: ఐత్వాన్ని ఒకే ముక్కగానో, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండు ముక్కలుగానో రాయొచ్చు కదా, ఆ రెంటినీ ఒకటి చేస్తుంది. కాబట్టి వెతకడానికి మాత్రమే పనికొచ్చే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకో: ముందు ఎన్‌ఎఫ్‌సి (ఒకే ముక్కగా కలిపే) రూపానికి నార్మలైజ్, తర్వాత 200సి, దాని జంట జీరో విడ్త్ జాయినర్ 200డి, రెంటినీ రీప్లేస్‌ఆల్‌తో తీసేయడం, తర్వాత ట్రిమ్, టు లోయర్ కేస్. నిల్వ ఉన్న పేరుకూ, కొట్టిన మాటకూ రెంటికీ అదే ఫంక్షన్ వెయ్యి. తెర మీద చూపించేది మాత్రం అసలు రూపమే. ప్రతి సరుకుకూ ‘ఇతర పేర్లు’ అని ఒక గడి కూడా పెట్టు. గోంగూరను గోంగుర అని కొట్టేవాళ్లుంటారు, ఇంగ్లిషు లిపిలో నాలుగు రకాలుగా కొట్టేవాళ్లూ ఉంటారు. ఇది మాత్రం ఏ లైబ్రరీ చెయ్యదు, కూర్చుని రాయాల్సిందే.

వెతుకుడు పెట్టె సంగతి ఎలాగూ వచ్చింది. మీట నొక్కగానే వచ్చే కీడౌన్ ఈవెంట్ మీద ఆధారపడకు. ఆండ్రాయిడ్ ఫోన్లో తెలుగు కీబోర్డుతో కొడుతుంటే ఏ మీట నొక్కినా కీకోడ్ తరచు 229 అనే వస్తుంది. ఇన్‌పుట్ ఈవెంట్ విను. ఎంటర్ మీట కోసం కీడౌన్ వినక తప్పకపోతే ఈజ్‌కంపోజింగ్ ట్రూ ఉన్నంతసేపూ వదిలెయ్యి. అప్పుడు మాట ఇంకా కీబోర్డు చేతిలోనే ఉంటుంది, పూర్తి కాలేదు. ప్రతి అక్షరానికీ సర్వర్‌కు పోకుండా 300 మిల్లీసెకన్లు ఆగు. క్లియర్‌టైమ్‌అవుట్, సెట్‌టైమ్‌అవుట్‌తో ఐదు లైన్ల పని. అయితే ఆగడం ఒక్కటే సరిపోదు. ‘గో’ కోసం వెళ్లిన అభ్యర్థన నెమ్మదిగా వచ్చి, ‘గోంగూర’ జవాబు అప్పటికే తెర మీదికి వచ్చాక దాన్ని తుడిచేసి తనది పెడుతుంది. ఆఫీసు వైఫైలో ఇది ఎప్పటికీ బయటపడదు, బస్సులో ఫోన్ పట్టుకున్నవాళ్లకు రోజూ జరుగుతుంది. కొత్త అభ్యర్థన పంపే ముందు పాతదాన్ని రద్దు చేసే అబార్ట్ కంట్రోలర్‌ను అబార్ట్ చెయ్యి, కొత్తది తయారుచేసి దాని సిగ్నల్‌ను, అభ్యర్థన పంపే ఫెచ్‌కు ఇవ్వు. రద్దయినది అబార్ట్‌ఎర్రర్ అనే పేరుతో, తప్పులను పట్టే క్యాచ్‌లోకి వస్తుంది, దాన్ని నిశ్శబ్దంగా వదిలెయ్యి, ‘ఏదో తప్పు జరిగింది’ అని ఎర్ర అక్షరాలు చూపించకు. ఫెచ్ 404 (పేజీ లేదు), 500 (సర్వర్ తప్పు) జవాబులకు క్యాచ్‌లోకి పోదన్నది కూడా మరవకు. రెస్పాన్స్ డాట్ ఓకే నువ్వే చూసుకోవాలి.

డబ్బు గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే నియమం ఒక్కటే: లోపల అంతా పైసల్లో, పూర్ణాంకంగా ఉంచు. 19.99ని 100తో గుణిస్తే 1998.9999999999998 వస్తుంది. దాన్ని ఫ్లోర్ చేస్తే, అంటే దశాంశాన్ని కొట్టేస్తే, పైసా పోయి పేమెంట్ గేట్‌వేకి వెళ్లే మొత్తమూ బిల్లూ సరిపోవు. మార్చక తప్పని చోట మ్యాథ్ డాట్ రౌండ్ వాడు. చూపించేటప్పుడు ఇంటల్ డాట్ నంబర్‌ఫార్మాట్‌కు ‘టిఈ-ఐఎన్’ ఇస్తే 1234567 కాస్తా 12,34,567 అవుతుంది, లక్షల కామాలు వాటంతట అవే పడతాయి. కామా పడ్డ అంకెను మళ్లీ తెర మీద నుంచి చదివి లెక్క కట్టకు, పార్స్‌ఇంట్ దృష్టిలో ‘1,250’ అంటే 1.

తేదీల దగ్గర నిదానంగా చదువు, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. న్యూ డేట్‌కు ‘2025-01-14’ అని స్ట్రింగ్, అంటే కొటేషన్లలో మాటగా ఇచ్చావనుకో, అది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా తీసుకుంటుంది. మన దగ్గర అది సంక్రాంతి ఉదయం ఐదున్నర, తేదీ సరిగ్గానే కనబడుతుంది కాబట్టి నువ్వు సరే అనుకుంటావు. న్యూజెర్సీలో ఉన్న మీ పిన్ని తెరిస్తే 13వ తేదీ రాత్రి ఏడు, అంటే భోగి. సీసా మీద తయారీ తేదీ ఒకటి, సైటులో ఇంకొకటి. తిరగేసి చేసినా తప్పే: 2025, 0, 14 అని మూడు అంకెలిచ్చి మన అర్ధరాత్రిని తయారుచేసి టుఐఎస్ఓస్ట్రింగ్‌తో మొదటి పది అక్షరాలు తీస్తే ‘2025-01-13’ వస్తుంది, ఎందుకంటే యూటీసీలో అది ముందు రోజు సాయంత్రం ఆరున్నర. ఆ మధ్యలోది 1 కాదు, 0. జనవరి సున్నాతో మొదలవుతుంది.

అందుకని రెండు రకాలను కలపకు. తయారీ తేదీ, పండగ తేదీ లాంటివి క్యాలెండర్ రోజులు. వాటిని స్ట్రింగ్‌గానే దాచు, చూపించేటప్పుడు హైఫన్ దగ్గర విడగొట్టి మూడు అంకెలతో డేట్ కట్టు, నెలలోంచి ఒకటి తీసెయ్యడం మరవకు. ఆర్డర్ పెట్టిన క్షణం లాంటివి యూటీసీలో దాచి, ఇంటల్ డాట్ డేట్‌టైమ్‌ఫార్మాట్‌కు టైమ్‌జోన్‌గా ‘ఏషియా/కోల్‌కతా’ అని చెప్పి చూపించు. టెంపొరల్ అనే కొత్త తేదీల ఏపీఐలో ఈ రెంటికీ వేరువేరు రకాలే ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్‌లో అది 2025లో వచ్చింది, కానీ నీ కొనుగోలుదార్ల పాత ఫోన్లలో ఉండదు కాబట్టి ఇప్పుడే దాని మీద ఆధారపడకు.

ఇది పరీక్షించడానికి అమెరికా వెళ్లక్కర్లేదు. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో సెన్సర్స్ అనే ట్యాబ్ తెరిచి లొకేషన్ శాన్ ఫ్రాన్సిస్కో అని మార్చు, టైమ్‌జోన్ కూడా మారిపోతుంది. పేజీ మళ్లీ లోడ్ చేసి తేదీలు చూడు. బ్రౌజర్ లేకుండా జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో అయితే టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ‘అమెరికా/న్యూయార్క్’ అని ఇచ్చి టెస్టులు నడుపు. టెస్టులకు కూడా ప్యాకేజీ అక్కర్లేదు, నోడ్ 20లో టెస్ట్ రన్నర్ లోపలే ఉంది. వెల్లుల్లి, గిఫ్ట్‌బాక్స్ రెండు రూపాలు, 19.99, సంక్రాంతి తేదీ, ఈ నాలుగింటికీ ఈరోజే టెస్టులు రాసి పెట్టు.

తప్పు వెతకడానికి కన్సోల్ డాట్ లాగ్‌లు చల్లుకుంటూ పోకు. డెవ్‌టూల్స్‌లోని సోర్సెస్ ట్యాబ్‌లో లైన్ నంబర్ మీద కుడి క్లిక్ చేసి కండిషనల్ బ్రేక్‌పాయింట్ పెట్టు: సరుకు ఐడీ ఫలానా అయినప్పుడే ఆగమని రాస్తే రెండు వందల సరుకుల లూప్‌లో ఆ ఒక్కదాని దగ్గరే ఆగుతుంది. ఆగక్కర్లేదు, విలువ చూపిస్తే చాలనుకుంటే అక్కడే లాగ్‌పాయింట్ ఉంది, కోడ్ ముట్టుకోకుండా పని అయిపోతుంది. కార్ట్‌లోని అంకె ఎవరు మారుస్తున్నారో తెలియకపోతే ఎలిమెంట్స్‌లో ఆ ట్యాగ్ మీద కుడి క్లిక్ చేసి ‘బ్రేక్ ఆన్’ కింద సబ్‌ట్రీ మాడిఫికేషన్స్ ఎంచుకో, మార్చిన లైన్ దగ్గరే బండి ఆగుతుంది. సరుకుల జాబితా చూడాలంటే కన్సోల్ డాట్ టేబుల్.

కొనేవాళ్లు రాసే అభిప్రాయాలను ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో పేజీలో పెట్టకు. ఎవరైనా అందులో కోడ్ రాస్తే అది మిగతావాళ్ల బ్రౌజర్‌లో నడుస్తుంది. టెక్స్ట్‌కంటెంట్ వాడు. దీనికి మినహాయింపు లేదు, నాన్నా.

సైటు వదిలే ముందు యూఎస్‌బీ వైరుతో మీ అమ్మ ఫోన్ కలిపి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్ క్రోమ్‌లో ‘క్రోమ్ ఇన్‌స్పెక్ట్’ పేజీ తెరువు. ఫోన్ తెర మీదున్న పేజీకి డెవ్‌టూల్స్ నీ కంప్యూటర్‌లో తెరుచుకుంటాయి. నెట్‌వర్క్‌లో స్లో 4జీ పెట్టు, డిజేబుల్ క్యాష్ టిక్ చెయ్యి. తర్వాత ఫోన్ మీ అమ్మకే ఇచ్చి, తనకు అలవాటైన కీబోర్డుతో గోంగూర వెతకమను, రెండు సీసాలు కార్ట్‌లో వెయ్యమను. నువ్వు మాట్లాడకుండా నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తూ కూర్చో. ఆ మాట పూర్తయ్యేసరికి ఎన్ని అభ్యర్థనలు వెళ్లాయో, వాటిలో ఎన్ని రద్దయ్యాయో రాసుకుని నాకు పంపు.

ఆశీస్సులతో,
అత్తయ్య