క్రైమ్ బీట్‌కి వెళ్తున్న మా అమ్మడికి

అమ్మడూ,

నీకు క్రైమ్ బీట్ ఇచ్చారని మీ నాన్న ఫోన్ చేసినప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. సంతోషం లేక కాదు. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వచ్చింది నువ్వే. కానీ ఏదో ఒక రాత్రి "బాంబులు దొరికాయి" అంటూ నీకో ఫోటో వస్తుంది. నా టెన్షన్ అంతా దాని గురించే.

మామూలు సంగతులు నీకు తెలుసు. పేర్లు రెండుసార్లు సరిచూసుకో. వేళకి తిను.

నేను డెస్కులో ఉన్నప్పుడు, సరిగ్గా ఎడిషన్ వదిలే వేళకి అలాంటి ఫోటోనే వచ్చింది. ఒక రిటైరైన సైనికుడి ఇల్లు. బల్ల మీద రెండు ఇత్తడి షెల్ కేసులు (ఫిరంగి గుండ్ల తొడుగులు), ఒక గ్రెనేడ్, ఒక రాకెట్ లాంచర్ గొట్టం. "ఇంట్లో ఆయుధాల డంప్" అని హెడ్డింగ్ పెట్టాను. ఒక షెల్ కేసులో ప్లాస్టిక్ పూలు గుచ్చి ఉన్నాయి. హెడ్డింగ్‌కి పొసగడం లేదని, ఆ పూలు కనబడకుండా ఫోటో కత్తిరించింది నేనే.

పది రోజులకి ఆయన ఆఫీసుకి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. సంచిలోంచి గ్రెనేడ్ తీసి నా బల్ల మీద తలకిందులుగా పెట్టాడు. అడుగున రంధ్రం. "వేలు పెట్టి చూడండి సార్" అన్నాడు. పెట్టాను. చల్లటి ఇనుము తప్ప లోపల ఏమీ లేదు. పోలీసులు మర్నాడే పరీక్షించి అన్నీ తిరిగి ఇచ్చేశారట. ఆ ముక్క మేం రాయనే లేదు. తర్వాత లోపలి పేజీలో నాలుగు లైన్ల సవరణ వేశాం. అదెవరు చదువుతారు? పక్కింటి పిల్లలు తన గేటు దగ్గరికి రావడం మానేశారని వెళ్తూ వెళ్తూ చెప్పాడాయన.

ఆ గొట్టం సంగతి తర్వాత తెలుసుకున్నాను. ఎం72, ఏటీ4 లాంటి లాంచర్లను ఒక్కసారి పేల్చడానికే చేస్తారు. లోపలి గుండు వెళ్లిపోయాక మిగిలేది ఉత్త గొట్టం. పేర్ల విషయంలోనూ ఇలాగే పొరబడతాం. 2014లో అమెరికాలోని ఫెర్గూసన్‌లో ఆందోళనలు జరిగినప్పుడు పోలీసుల కవచ వాహనాలను చాలామంది ట్యాంకులన్నారు. వాటికి చక్రాలే తప్ప ఫిరంగి లేదు. అలాంటి బండ్లు వీధిలోకి ఎందుకొచ్చాయని గట్టిగా అడగాల్సిందే. కానీ పేరే తప్పు రాస్తే అవతలివాళ్లు ఆ తప్పు పట్టుకుని అసలు ప్రశ్న దాటేస్తారు. ఏఆర్-15 అనే తుపాకీ పేరులో ఏఆర్ కూడా అసాల్ట్ రైఫిల్ కాదు, ఆర్మలైట్ అనే కంపెనీ పేరు నుంచి వచ్చింది.

ఇదంతా చదివి ఏది ఉత్తదో నువ్వే తేల్చేయకు. నీలం రంగు ఉంటే శిక్షణ బాంబు అని ఎవరో చెబుతారు. అలాంటివాటిలో కొన్నిటికి, పడ్డ చోటు కనబడటానికి పొగ మందు పెడతారు. చెయ్యి పోతుంది, తల్లీ. మొదటి ప్రపంచ యుద్ధపు షెల్స్ బెల్జియం, ఫ్రాన్స్ పొలాల్లో ఇప్పటికీ బయటపడుతున్నాయి, ప్రాణాలు తీశాయి కూడా. తుప్పు పట్టింది కదా అని దగ్గరికి వెళ్లావని తెలిస్తే వచ్చి చెవి మెలిపెడతాను. దూరంగా నిలబడు. లోపల పేలుడు మందు ఉందా, దాన్ని పేల్చే ఫ్యూజ్ ఉందా అని బాంబు స్క్వాడ్‌ని అడుగు. జవాబు వచ్చేదాకా "షెల్స్‌లా కనిపిస్తున్న వస్తువులు" అనే రాయి. మర్నాడు మళ్లీ అడిగి, తేలింది కూడా అంతే పెద్దగా వేయించు.

ఆ ఫోటో వచ్చిన రాత్రి ఎంత వేళైనా నాకు ఫోన్ చెయ్యి. కత్తిరించకుండా పంపు.

మీ పెదనాన్న