విజయవాడ వన్ టౌన్‌ని హెరిటేజ్ ప్రాంతంగా ప్రకటిస్తే అక్కడి ఇళ్లవాళ్లకి లాభమా, నష్టమా?

ముందు పెంకు సర్దే మనిషి ఎక్కడ దొరుకుతాడో చెప్పండి, తర్వాత లాభనష్టాలు మాట్లాడుకుందాం.

మా తాతగారి ఇల్లు శివాలయం వీధి దగ్గర ఒక సందులో ఉండేది. మధ్యలో మండువా, నాలుగు టేకు స్తంభాలు, వీధి వైపు అరుగు. ఏటా వానలకి ముందు తాతగారు పెంకంతా సర్దించేవారు. ఆయన పోయాక ఆ ఖర్చు ఎవరు పెట్టాలన్న దగ్గరే ఆగిపోయింది. "ముందు నువ్వు వేయించు అన్నయ్యా, తర్వాత చూసుకుందాం" అని బాబాయి. "ఉంటున్నది నువ్వేగా" అని మా నాన్న. నాలుగైదు వానాకాలాలకి వాసాలు చీకిపోయాయి.

చివరికి పాత కలప కొనే అతను వచ్చాడు. స్తంభాన్ని వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. "చెద లేదండీ, బంగారం" అన్నాడు. సందులోకి లారీ రాదు కదా, ఒక్కో స్తంభాన్నీ నలుగురు భుజాల మీద కెనాల్ రోడ్డు దాకా మోశారు. అరుగు మీద కూర్చున్న మా మేనత్త "నాన్నని మోసినట్టే మోస్తున్నార్రా" అంది. అవి ఇప్పుడు ఏదో రిసార్టులో 'సంప్రదాయ వాతావరణం' కింద నిలబడి ఉంటాయని నా అనుమానం. ఇంటి జాగాలో మూడంతస్తుల గోడౌను లేచింది.

అందుకే బోర్డు పెడితే ఇళ్లు నిలుస్తాయంటే నాకు నవ్వొస్తుంది. 1921లో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా చూపింది మన ఊళ్లోనే అని మైకుల్లో చెప్పేవాళ్లు ఆ సందుల్లోకి ఒక్కసారీ రారు. వచ్చినా బండి పెట్టే చోటు లేదు, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర నేను అరగంట తిరిగిన రోజులున్నాయి.

ఇంకోటి, హెరిటేజ్ అనగానే జనం గుహల రూలు గుర్తు చేసుకుని భయపడతారు. అది వేరు. అక్కన్న మాదన్న గుహల్లాంటి కేంద్ర రక్షిత కట్టడాలకి 2010 చట్ట సవరణ ప్రకారం 100 మీటర్ల లోపు కొత్తగా కట్టకూడదు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. ఒక పేట మొత్తాన్ని ప్రకటించడం అలాంటిది కాదు. 2017లో యునెస్కో గుర్తింపు వచ్చిన అహ్మదాబాద్‌లో పాత ఇంటి మీద ఇంకా కట్టుకునే వీలున్నా వాడుకోని నిర్మాణ హక్కుని అమ్ముకోవచ్చు, ఆ డబ్బు రిపేర్లకి పనికొస్తుంది. మన దగ్గర అలాంటి హక్కుకిచ్చే పత్రం, టీడీఆర్ బాండ్ అంటే రోడ్డు వెడల్పులో పోయిన జాగానే గుర్తొస్తుంది!

డబ్బు దారి చూపిస్తే లాభమే. మీ ఇల్లు అక్కడే అయితే మాత్రం ముందు వాటాదార్లందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. పెంకు ఖర్చుకి ఏళ్ల తరబడి కలవని మావాళ్లు, కలప అమ్మకం కాగితం మీద ఒక్క పూటలో సంతకాలు పెట్టేశారు.