పాత గేమ్‌బాయ్ రిపేర్: దండగ కాదండీ

మీ మామయ్య సింగపూర్ నుంచి తెచ్చిన మొదటి తరం గేమ్‌బాయ్ (చేత్తో పట్టుకుని ఆడుకునే నింటెండో వీడియోగేమ్), అదే 1989లో వచ్చిన మోడల్, సరిగా ఆన్ కావట్లేదని, ఆన్ అయినా తెర మీద కొన్ని నిలువు వరసలు కనిపించట్లేదని, రిపేర్ దండగేమోనని అడిగారు కదా. అస్సలు కాదండీ. దయచేసి పారేయకండి.

ముందు సెల్స్ పెట్టే అర తెరిచి చూడండి. స్ప్రింగుల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే సెల్స్ కారాయన్నమాట. దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి రుద్దండి, బుసబుసమని నురగ వచ్చి పొడి వదులుతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. నాది ఇంతతోనే లేచి కూర్చుంది, ఆ రోజు నా సంతోషం చెప్పలేను.

వరసలు పోవడానికి కారణం తెర కింది అంచున రిబ్బన్ కేబుల్ (రిబ్బన్‌లా బల్లపరుపుగా ఉండే తీగ) అతుకు వదులవడం. అక్కడి రబ్బరు పట్టీ తీసి, తక్కువ వేడి మీద సాల్డరింగ్ ఐరన్‌ను (తీగలు అతికే వేడి పరికరం) ఆ అతుకు మీద తేలిగ్గా అటూ ఇటూ జరపండి. తెర ఆన్‌లో ఉంటే వరసలు ఒక్కొక్కటే తిరిగి రావడం కళ్లారా చూస్తారు. గట్టిగా మాత్రం నొక్కొద్దు, కేబుల్ పాడవుతుంది. బయటి స్క్రూలకు మూడు రెక్కల స్క్రూడ్రైవర్ కావాలి.

తెర లోపల పగిలి సిరా ఒలికినట్టు నల్లమచ్చ ఉంటే అది ఇక బాగుపడదు, తెర మార్చాల్సిందే.